సముద్రపుటొడ్డున పదునాలుగు దినములు

(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే అయినది. ఎవరికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్న లెక్కలు తేలినవి. ఇక మా ప్రసంగము వినుట ఒక్కటే మీకు మిగిలిన కష్టము. కార్యదర్శిగారు మమ్ములను పిలిచి, "ఏదైనా యాత్ర గురించి మాట్లాడండి. కాశీ రామేశ్వరాలు మాత్రం వద్దు, అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు" అన్నారు. అందుచేత ఒక సముద్రతీరపు పేటను గురించి చెప్పదలచినాము. బళ్లారిలో నిలబడి సముద్రము గురించి చెప్పుట మీకు నవ్వు పుట్టించవచ్చును. మనకు ఉన్నది రాతికొండ, ఎఱ్ఱదుమ్ము, నడినెత్తిన ఎండ. కాలువకు నీరు వదలిన దినమున అదే మనకు సముద్రము.

అయినా ఒక్కసారి ఈ సభ నలుమూలలా చూడండి. ఇక్కడ కూర్చున్న కుటుంబములలో సగము సముద్రపు గాలి ఎరిగిన ఊళ్లనుండి వచ్చినవే. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు పారిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి మన పెద్దలు మూటాముల్లె కట్టుకొని వచ్చి, సిరుగుప్ప, కంప్లి వైపుల నల్లరేగడిని మళ్లు కట్టి వరి నాటినారు. వారు దిగిన చోట్లకు నేటికీ క్యాంపులనే పేరు. మా పెద్దమ్మ అట్లు వచ్చినవారిలో ఒకరు. ఆమె పుట్టినది బందరుకు దాపున ఒక పల్లె. పెండ్లియైన మరుసటి ఏడు ఇక్కడికి వచ్చినది. ఇప్పుడు ఎనుబది దాటినది. ఈ మధ్య కాలములో ఆమె తిరుపతి చూచినది, మంత్రాలయము చూచినది, మనుమల పెండ్లిండ్లు చూచినది, కాని సముద్రము మరల చూడలేదు. ఎప్పటికప్పుడు నాట్లో, కోతలో, ఎవరిదో పురుడో అడ్డము వచ్చినది.

నిరుడు ఫాల్గుణ మాసములో ఆమెకు కంటి శస్త్రచికిత్స చేయించుటకు మద్రాసు పోవలసి వచ్చినది. మొదట ఒక కన్ను, వారము దాటిన తరువాత రెండవ కన్ను, మధ్య మధ్య పరీక్షలు. మొత్తము రెండు వారములు అక్కడనే ఉండవలెనని వైద్యులు చెప్పినారు. మేము, మా ఇంటావిడ, ఐదవ తరగతి చదివే మా అబ్బాయి, పెద్దమ్మ, నలుగురము బయలుదేరినాము. బంధువులు ఒకరు తిరువల్లిక్కేణిలో ఒక గది అద్దెకు కుదిర్చి పెట్టినారు. ఆంగ్లేయులు ట్రిప్లికేన్ అని పిలిచిన పేట అదే. ఈ ప్రసంగము ఆ పదునాలుగు దినముల కథ.

దీనికి ముందు, ఇరువది ఏండ్ల క్రిందట, ఒక్కరోజు మేము మద్రాసు చూచినాము. టూరిస్టు బస్సులో ఎక్కినాము, దిగినాము, ఎక్కినాము. మిట్టమధ్యాహ్నము మెరీనాకు తీసుకుపోయి అరగంట సమయము ఇచ్చినారు. ఇసుకలో అరికాళ్లు కాలినవి. ఒక గవ్వల దండ కొని, ధర ఎక్కువని వాదులాడి, ఊరు ఏమీ బాగులేదని చెప్పుకుంటూ తిరిగి వచ్చినాము. మేము రెండుమార్లు పోయినది ఒకే ఊరు, చూచినది మాత్రము రెండు వేరు వేరు ఊళ్లు.

బళ్లారినుండి గుంతకల్లు చేరి, అక్కడ రాత్రి బండి పట్టుకొంటే తెల్లవారుసరికి మద్రాసు చేరవచ్చును. 1996లో ఆ ఊరి పేరు చెన్నై అయినది. మా పెద్దమ్మకు మాత్రము అది ఎప్పటికీ చెన్నపట్నమే. సెంట్రల్ స్టేషను దిగగానే మన బళ్లారివారు పలుకరించవలసిన భవనము ఒకటి ఉన్నది. రిపన్ బిల్డింగు ప్రక్కన ఎఱ్ఱ ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలు. 1891లో ధర్మవరము కృష్ణమాచార్యులవారు తమ సరసవినోదినీ సభతో బళ్లారినుండి మద్రాసు వచ్చి తెలుగు నాటకములు ఆడినారు. చూచినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారు అనే తమిళ యువకుడు ఒకడు. ఆ ఉత్సాహముతో అతడు ఆ ఏడే సుగుణవిలాస సభను స్థాపించినాడు. ఆ సభ ఏండ్ల తరబడి ఈ హాలులోనే నాటకములు ఆడినది. తమిళ నాటకమునకు కొత్త దారి చూపిన సభకు ప్రేరణ మన ఊరినుండి వచ్చిన తెలుగు నాటకము అని పిల్లలకు చెప్పుకొనవలెను కదా!

ఇంకొంత దూరము పోగా నడిరోడ్డున గుఱ్ఱముమీద థామస్ మన్రో. 1800లో నిజాము మన దత్తమండలములను కుంపిణీకి ఇచ్చినప్పుడు వీటికి ముఖ్య కలెక్టరుగా వచ్చినవాడు ఇతడే. మంత్రాలయ మహిమలను గురించిన కథలో వినిపించే మన్రో కూడా ఇతడే. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో మన వైపు పర్యటనకు వచ్చి పత్తికొండలో కలరాతో మరణించినాడు. విగ్రహములో గుఱ్ఱమునకు జీను లేదు, రికాబులు లేవు. "రికాబు లేకపోతే ఎక్కడం ఎట్లా నాన్నా?" అని మా అబ్బాయి అడిగినాడు. ఆటో సాగిపోయినందున సమాధానము తప్పించుకొన్నాము.

తిరువల్లిక్కేణి అను పేరులో అల్లి అనగా మన కలువ, కేణి అనగా కొలను. పవిత్రమైన కలువల కొలను అని అర్థము. పార్థసారథి స్వామి కోనేరే ఆ కొలను. ఇప్పుడు కలువలు లేవు, పేరు మిగిలినది. గుడి చుట్టూ మాడవీధులు, వాటినుండి చీలిన సందులు, ఒకవైపు ట్రిప్లికేన్ హైరోడ్డు, ఒకవైపు సముద్రము. ఎటు నడచినా పావుగంటలో పేట అంచు చేరగలము. మా గది రెండవ అంతస్తు. మెట్లు ఎంత ఇరుకనగా, ఎక్కేవారు ఎక్కిన తరువాతనే దిగేవారు దిగవలెను.

మొదటి పాఠము ఇంటిగలామె చెప్పినది. ఉదయము ఆరింటికి నీరు వచ్చునట, ఏడింటికి పోవునట. మేము ప్రయాణపు బడలికతో ఎనిమిదింటికి లేచినాము. ఆ రోజు స్నానమునకు నీరు కొనవలసి వచ్చినది. ఆ క్షణముననే మాకు తెలిసినది: ఒక పేటలో అక్కడివారివలె మసలవలెనంటే ముందు ఆ పేట పొద్దులు తెలియవలెను. ఏ వేళ నీరు వచ్చునో, ఏ వేళ గుడి తలుపులు తెరచునో, ఏ వేళ కూరల బండి వచ్చునో తెలిసినవాడే ఆ పేటవాడు. పటములో వీధులు ఉండును గాని ఈ వేళలు ఉండవు.

మూడవ రోజునుండి మేమును ఆ పొద్దులలో పడినాము. తెల్లవారకముందే ఆడవారు వాకిళ్లు చిమ్మి నీళ్లు చల్లి ముగ్గులు వేయుదురు. గుడివైపునుండి నాదస్వరము. వీధి మొదట కాఫీ అంగడిలో డికాషను వాసన. అక్కడ ఇత్తడి గ్లాసు, దబరా. కాఫీని గ్లాసునుండి దబరాకు, దబరానుండి గ్లాసుకు తిప్పి నురుగు లేపి ఇత్తురు. నిలబడి త్రాగవలెను, త్రాగిన తరువాత నిలబడరాదు. వెనుక నలుగురు కాచుకొని ఉందురు. హైరోడ్డుమీద రత్నా కేఫ్ అనే పాత హోటలు ఉన్నది. అక్కడ ఇడ్లీ అడిగితే సాంబారులో ఇడ్లీ వేసినారో, ఇడ్లీమీద సాంబారు కుమ్మరించినారో చెప్పలేము. ఇడ్లీ మునిగిపోయి ఉండును. మా పెద్దమ్మ మొదట ముఖము చిట్లించి, పిదప మరి కాస్త సాంబారు అడిగినది.

పార్థసారథి స్వామిని గూర్చి రెండు మాటలు. ఇక్కడ కృష్ణునికి మీసములు ఉన్నవి. యుద్ధములో ఆయుధము పట్టనని మాట ఇచ్చిన సారథి గనుక చేత శంఖమే గాని చక్రము లేదు. ముఖముమీద భీష్ముని బాణముల గాయపు గుర్తులు ఉన్నవి. పల్లవరాజు దంతివర్మ కాలపు శాసనము ఇక్కడ ఉన్నది, అనగా ఆలయమునకు వేయి ఏండ్లు పైబడినవి. విజయనగర ప్రభువుల కాలములో ఆలయము మరల పెరిగినది. ఆ విజయనగరము మన హంపియే. 2021లో హొసపేట కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడువరకు అది మన జిల్లాలోనిదే. ఉత్సవపు రోజు చూచుటకంటె మామూలు రోజు ఉదయము పోయి, తొందర లేక ఒక మంటపములో కూర్చొనుట మేలు. ప్రసాదముగా పెట్టే చక్కెరపొంగలి అరచేతిలో వేడిగా పడును, నెయ్యి మోచేతివరకు జారును.

గుడినుండి కొలది దూరములో తులసింగ పెరుమాళ్ కోవెల వీధి. సుబ్రహ్మణ్య భారతి చివరి రోజులు గడపిన ఇల్లు అక్కడ ఉన్నది. మన తెలుగును సుందరమైనదని మెచ్చుకొన్న తమిళ కవి ఆయన. రోజూ కొబ్బరికాయ పెట్టిన గుడి ఏనుగే ఒకనాడు ఆయనను పడద్రోసినది. ఆ ఏడే, 1921లో, ఆయన పోయినారు. గణితవేత్త రామానుజన్ ఈ పేట సందులలోనే కాపురముండి హార్బరు కచేరీలో గుమాస్తా ఉద్యోగము చేసినాడు. 1904లో ఇక్కడివారు కొందరు చేరి ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ అనే సహకార భండారమును పెట్టినారు. మన క్యాంపులలో సహకార సంఘములు నడిపినవారికి ఆ పేరు పరిచయమే కావలెను.

సాయంత్రము పైక్రాఫ్ట్స్ రోడ్డు, ఇప్పుడు భారతి సాలై అంటారు, అక్కడ కాలిబాటమీద పాత పుస్తకములు పరచి అమ్ముదురు. దానికి కొంత ఉత్తరాన కర్ణాటక నవాబుల కుటుంబము 1795లో నల్లరాతితో కట్టించిన వాలాజా మసీదు. మేము ఉన్నది రంజాను నెల. సంధ్యవేళ వేలమంది వరుసలుగా కూర్చొని ఉపవాసము విడుచుచుండగా వడ్డించుచున్నవారు హిందువులు, దేశ విభజనలో సింధునుండి కట్టుబట్టలతో వచ్చినవారి వంశస్థులు. దశాబ్దములుగా ఈ సేవ నడుచుచున్నదట. ఊరు విడిచి వచ్చినవారు వచ్చిన ఊరిలో ఎట్లు వేళ్లూనుదురో ఆ వరుసల మధ్య నిలబడి చూచినాము. మనము కూడా ఊరు విడిచి వచ్చినవారమే గనుక ఆ దృశ్యము మమ్ములను కదలించినది.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మా గది క్రింద ఒక చిల్లర అంగడి ఉన్నది. మొదటి రెండు రోజులు మేము అక్కడ తెలుగులో అడిగినాము. అర్థము కాలేదనుకొని గొంతు పెంచి మరల తెలుగులోనే అడిగినాము. అంగడిలోని పెద్దాయన ఏమీ అనక సరుకు ఇచ్చి పంపుచుండెడివారు. రెండవ రోజు మేము మా అబ్బాయికి అక్కడనే నిలబడి పాఠము చెప్పినాము: "ఈ ఊరు ఒకప్పుడు మనది. బళ్లారికి కూడా ఇదే రాజధాని. మనవాళ్లు పోగొట్టుకున్నారు." అప్పుడు పెద్దాయన బెల్లము తూచుచు, తల ఎత్తకుండ, తెలుగులోనే, కాని తమిళపు సాగతీతతో అన్నారు: "మేము పోగొట్టుకోలేదు సామీ. మేము ఇక్కడే ఉండాము. మా తాత ముత్తాతలు అంతా ఈ వీధిలోనే. మాకు ఈ ఊరు ఒకప్పుడు కాదు, ఇప్పుడూనూ మాదే."

మాకు తల కొట్టేసినట్లు అయినది. వారు మా మాట మొదటి రోజునుండి అర్థము చేసుకొనుచునే ఉన్నారు. గొంతు పెంచిన మాటకు మాత్రము బదులు ఈయలేదు. ఆ సాయంత్రము మేము మరల పోయి, "ఎవ్వళవు అణ్ణా?" అని తమిళములో ధర అడిగినాము. ఆయన నవ్వి తెలుగులో ధర చెప్పినారు. మనము సరిహద్దు జిల్లావారము. ఎంత, ఎష్టు, ఎవ్వళవు, మూడింటికీ మనకు నోరు తిరుగును. తిరుగనిది నోరు కాదు, పట్టుదల. ఎదుటివాని భాషలో నాలుగు మాటలు మనము ముందుగా పలికితే, అతడు మన భాషకు తానే వచ్చును.

అటుపిమ్మట రోజూ ఆ అంగడివద్ద కాసేపు కూర్చొనుట అలవాటైనది. ఒకనాడు ఆయన అటకమీదినుండి ఒక పాత ఖాతా పుస్తకము దించినారు. వారి తాతగారిది, తెలుగులో వ్రాసినది. ఆయనకు తెలుగు మాట వచ్చును గాని చదువు రాదు. కొడుకులకు, మనుమలకు సరే సరి. "పారవేయ మనసు రాదు, చదివేవాడు లేడు" అన్నారు. మా అబ్బాయి చదువుచున్నది కన్నడ మాధ్యమములో. ఇంట మేము నేర్పిన తెలుగు అక్షరములు అంతంత మాత్రము. అయినా కన్నడ లిపికి తెలుగు లిపి అక్కచెల్లెండ్ర వరుస కదా. వాడు పుస్తకము ముందుకు లాగుకొని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరము కూడబలుకుచు చదివినాడు: "కంది... పప్పు... రెండు పడులు. బెల్లము... వీశ. చింతపండు... అరవీశ. బాకీ." అంగడిలో ఉన్నవారు అందరు నవ్వినారు. పెద్దాయన మాత్రము నవ్వలేదు. "మళ్లీ చదువు నాయనా" అన్నారు. వాడు బెల్లము, చింతపండు, బాకీ మరల చదివినాడు. అందులో ఒక కవిత్వము లేదు, ఒక రహస్యము లేదు. అయినను డెబ్బది ఏండ్లుగా మూతపడిన ఒక గొంతు ఆ మధ్యాహ్నము ఆ అంగడిలో వినబడినది. వినిపించినది కన్నడ బడిలో చదివే బళ్లారి పిల్లవాడు.

మరునాడు వానిని మైలాపూరు తీసుకుపోయినాము. రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తిగారు ఉండిన ఇల్లు ఇప్పుడు పొట్టి శ్రీరాములుగారి స్మారక మందిరము. 1952 అక్టోబరు 19న అక్కడ నిరాహారదీక్షకు కూర్చొని, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణము విడిచినారు. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న వచ్చినది. ఆ రోజే మన పాత బళ్లారి జిల్లా రెండైనది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు. బళ్లారి, సిరుగుప్ప, హొసపేట మొదలైన ఏడు తాలూకాలు మైసూరుకు. ఆ మందిరములో మా అబ్బాయి, "మనం గీతకు ఇవతల పడ్డామా, అవతల పడ్డామా?" అని అడిగినాడు. మొదటి రోజు అయితే మేము ఒక ఉపన్యాసము దంచి ఉందుము. ఆ రోజు మాత్రము, "గీత ఎక్కడ పడినా అంగడి పెద్దాయన అక్కడే ఉన్నారు చూశావా, మనమూ మన ఊళ్లోనే ఉన్నాము" అని చెప్పినాము. పోయినవారి త్యాగము చిన్నది కాదు, గీత అవసరము లేదని మేము అనుట లేదు. గీత పాలనకు కావలెను. ఊరిలో కాపురము చేయుటకు ఇరుగుపొరుగు కావలెను.

ఇక సముద్రము. పేట తూర్పు అంచున చెపాకము, విశ్వవిద్యాలయ భవనములు. మెకంజీ సేకరించిన కైఫీయతులు, బ్రౌనుదొర కూర్చిన తెలుగు వ్రాతప్రతులు ఆ ఆవరణలోనే చాలాకాలము ఉండెను. మన పల్లెల కథలు సముద్రపు గాలిలో దాచి ఉంచబడినవని చెప్పవచ్చును. అవి దాటితే మెరీనా. ఈ రోడ్డును, ఈ పేరును 1880ల దశకములో గవర్నరు గ్రాంట్ డఫ్ ఏర్పరచినాడు. ఇక్కడ తిలక్ ఘాట్ అనే చోట స్వాతంత్ర్యోద్యమపు సభలు జరిగినవి. 1923లో సింగారవేలు చెట్టియారు మేడే సభ జరిపినది కూడా ఈ ట్రిప్లికేన్ తీరమునందే. అందుకు తగినట్లు నలుగురు కూలీలు పెద్ద బండను కదలించుచున్న శిల్పము ఒకటి రోడ్డు ప్రక్క ఉన్నది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చెక్కిన ఆ విగ్రహమును 1959లో నిలిపినారు. బండరాళ్ల ఊరివారము గనుక ఆ నలుగురి వెన్నులమీది నరములు ఎంత నిజమో మనకు తెలియును.

మిట్టమధ్యాహ్నము ఆ ఇసుకలో అడుగు పెట్టరాదు. అక్కడివారు తెల్లవారుజామున నడకకు, ఎండ తగ్గిన తరువాత గాలికి వత్తురు. సాయంత్రము దీపములు వెలుగగానే బజ్జీల బాణలి చుట్టూ జనము. పిల్లలు బుట్టలు చేతబట్టి సుండల్ అమ్ముదురు. సుండల్ అనగా మన గుగ్గిళ్లే. ఉడికించిన బఠాణీలలో పచ్చిమామిడి, కొబ్బరి తురిమి వేసి కాగితపు పొట్లములో ఇత్తురు. మరొక్క మాట గట్టిగా చెప్పవలెను: ఆ సముద్రములో ఈతకు దిగరాదు. పైకి సాధువుగా కనిపించినను అడుగున లాగు ఎక్కువ. 2004 డిసెంబరు 26 ఉదయము సునామీ వచ్చినప్పుడు ఈ ఒడ్డుననే నడకకు వచ్చినవారు, ఆడుకొనే పిల్లలు, కుప్పముల జాలరి కుటుంబములు ఎందరో పోయినారు. ఒడ్డున ఉన్న జాలరులను అడిగి, వారు నిలబడమన్న చోట నిలబడి చూచుటే తెలివి.

ఇంతకు, మా పెద్దమ్మ సంగతి. కంటిలో ఇసుక, ఉప్పుగాలి పడరాదని వైద్యులు ఖండితముగా చెప్పినారు. అందుచేత పన్నెండు రోజులు సముద్రమునకు నడకదూరములో ఉండి ఆమె సముద్రము చూడలేదు. రాత్రులు మిద్దెమీద నల్ల అద్దములు పెట్టుకొని కూర్చొని, "అటేనా?" అని తూర్పుకు చేయి చూపెడిది. బండ్ల రొద సద్దుమణిగిన తరువాత ఒక్కొక్కప్పుడు అలల చప్పుడు వినబడెడిది. అది అలలో, మేము వినదలచుకొన్న చప్పుడో మాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మాత్రము తలయూపెడిది.

పదమూడవ రోజు వైద్యులు గాలి లేని వేళ, అద్దములు తీయకుండ, కొద్దిసేపు చూడవచ్చునన్నారు. పదునాలుగవ రోజు తెల్లవారుజామున బయలుదేరినాము. రోడ్డు దాటి ఇసుకలో అడుగు పెట్టినాము. నడచినాము, ఇంకా నడచినాము. సగము దూరములో ఆమె నిలిచిపోయినది. మేము కళ్లు నిండినవేమో అనుకొన్నాము. అది కాదు, ఆయాసము.

"ఇంత ఇసకేమిట్రా? సముద్రాన్ని ఇంత దూరం ఎవరు నెట్టారు?" అని కోపముతో అడిగినది.

ఆమె ప్రశ్నలో నిజము ఉన్నది. ఒకప్పుడు అలలు ఇప్పటి రోడ్డుకు చాలా దగ్గరగా కొట్టుచుండెడివి. 1870ల దశకములో ఉత్తరమున హార్బరు గోడలు కట్టనారంభించినారు. తీరము వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు కొట్టుకొనిపోయే ఇసుక ఆ గోడలకు అడ్డుపడి ఇవతల పేరుకొన్నది. మెరీనా ఇసుక మైదానము అట్లు పెరిగినది. ఆ సంగతి చెప్పినాము. డెబ్బది కార్లు కాలువ క్రింద వ్యవసాయము చేసిన మనిషి ఆమె. ఒక్క క్షణము ఆలోచించి, "అయితే గోడ అవతలి వాళ్లది కోసుకుపోయి ఉంటుందే, పాపం" అన్నది. నిజమే. అవతల రాయపురము వైపు తీరము కోసుకొని పోయినది. ఒక గట్టు వేస్తే ఇవతల మేట వేయును, అవతల గండి పడును. ఏ పుస్తకమూ చదవకుండ ఆమె చెప్పినది.

చేయి పట్టుకొని మెల్లగా నీటివరకు తీసుకుపోయినాము. చీరకుచ్చిళ్లు ఎత్తిపట్టి అల పాదములమీదుగా పోనిచ్చినది. వంగి మునివేళ్లతో నీరు తీసి నెత్తిన చల్లుకొన్నది. కంటికి తగలకుండ చూచుకొన్నది. తూర్పున ఎఱ్ఱబడినది. ఆమె ఏమీ అనలేదు. కొంతసేపైన తరువాత, "పదండి, ఆసుపత్రికి వేళవుతుంది" అన్నది. గుంతకల్లు దాటిన తరువాత, బండిలో, తనలో తాననుకొన్నట్లు, "వాసన మాత్రం మా బందరుదే" అన్నది. అంతకు మించి మేమేమీ అడుగలేదు.

సోదరులారా, ఒక పేటను అక్కడివారివలె చూచుట అంటే ఇదియే అని మాకు తోచినది. ఊరు ఎవరిదో తేల్చుటకు పోరాదు. దాని నీటివేళ తెలుసుకొని, దాని భాషలో ధర అడిగి, దాని మెట్లమీద ఎదురువచ్చినవారికి ప్రక్కకు తొలగవలెను. అప్పుడు ఎవరో ఒకరు అటకమీది పుస్తకము దించి మన ముందు పెట్టుదురు. ఈ మాట మద్రాసుకే కాదు, బళ్లారికీ చెల్లును. కౌల్ బజారులో, బ్రూస్‌పేటలో మనలో ఎందరము తొందర లేకుండ నడచినాము? బళ్లారి రాఘవ పేరిట ఉన్న కళామందిరములో మన పిల్లలు ఎన్నడైన నాటకము చూచినారా?

చివరకు ఒక విన్నపము. ప్రతి ఆదివారము మన సంఘములో తెలుగు అక్షరముల తరగతి నడుచుచున్నది. పిల్లలు చేతివేళ్లపై లెక్కించదగినంత మంది వచ్చుచున్నారు. కన్నడము చదువుకొన్న పిల్లవానికి తెలుగు అక్షరములు కొన్ని వారముల పని. కన్నడము మాన్పించమని మేము చెప్పుట లేదు; అది వారి ఊరి భాష, దానిని బాగుగా నేర్వవలెను. దానితోపాటు ఇదియు ఉండవలెను. రేపు మన మనుమల ఇంట ఎవరైన అటకమీదినుండి మన చేతివ్రాత దించి, చదివేవాడు లేక ఊరుకొనరాదు. అది కందిపప్పు బాకీ అయినా సరే, చదివే గొంతు ఒకటి ఇంట ఉండవలెను.

ఈ కొత్త సంవత్సరము మీ అందరికీ కాలువ నిండ నీరు, గాదె నిండ గింజలు ఇచ్చుగాక. పెద్దమ్మకు రెండు కళ్లూ బాగుగా కనిపించుచున్నవి. మొదటి వరుసలో కూర్చొని, మేము ఎప్పుడు ముగింతుమా అని చూచుచున్నది ఆమెయే. అందుచేత సెలవు తీసుకొనుచున్నాము. నమస్కారము.